డేరా హాల్లో చూసిన సినిమాని వెతికి పట్టుకోవడం

కందుకూరు, కనిగిరి, పొదిలి చుట్టుపక్కల పల్లెల్లో నేల టికెట్ మీద చూసిన సినిమాని వెతికేవాళ్లు ఎక్కువగా సంవత్సరం దగ్గరే దారి తప్పుతారు. 1978లో చూశాం కదా అని 1978 సినిమాల జాబితా తిరగేస్తారు. డేరా హాలుకి వచ్చేది టౌన్లలో ఆడి ఆడి అరిగి, అద్దె తగ్గిన ప్రింటు. అందుకే చూసిన సంవత్సరం నుంచి పదిహేను, ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. పౌరాణికమైతే పేరు దొరికినా ఆగొద్దు. ‘లవకుశ’ 1934లో ఒకటుంది, 1963లో ఒకటుంది.

కథ కంటే పాట గట్టి ఆధారం. చరణంలో రెండు మాటలు గుర్తున్నా చాలు. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు రకాల స్పెల్లింగుతో ఇంకోసారి వెతకండి. హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకం స్కాన్ కనిపిస్తే వెంటనే దాచుకోండి. తారాగణం, సగం కథ, పాటలు అన్నీ అందులోనే ఉంటాయి.

ఎంత వెతికినా దొరకలేదంటే అది డబ్బింగ్ బొమ్మేమో చూడాలి. నా లెక్కలో ఎక్కువమంది వదిలేసేది ఇదే. పెదాల కదలికకి మాట అతకకపోవడం, దుకాణం బోర్డు మీదో ఉత్తరంలోనో తమిళ అక్షరాలు, మాటలూ పాటలూ అనిసెట్టి, రాజశ్రీ లాంటి డబ్బింగ్ రచయితల పేరు మీద ఉండటం దీనికి గుర్తులు. అప్పుడు నటుల పేర్లతో తమిళ మాతృకని వెతకండి. తెలుగు ప్రింటు పోయినా అది మిగిలి ఉండొచ్చు. తమిళనాడు సరిహద్దు దగ్గరి సూళ్లూరుపేట, తడ వైపు వాళ్లయితే చూసింది నేరుగా తమిళ బొమ్మే కావచ్చు కూడా.

దొరికిన కాపీ పూర్తిదో కాదో తేల్చడానికి మొదట్లో వచ్చే సెన్సార్ సర్టిఫికెట్ దగ్గర ఆపి, పొడవు రాసుకోండి. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు, అంటే సుమారు 27.4 మీటర్లు నడుస్తుంది. 4,500 మీటర్ల సినిమా దాదాపు 164 నిమిషాలు రావాలి. అదే వీసీడీలో 158 నిమిషాలే ఉంటే కంగారు పడొద్దు. ఫిల్ము సెకనుకి 24 ఫ్రేములు, మన టీవీ పద్ధతి 25. అందుకే వేగం నాలుగు శాతం పెరిగి, గొంతులు కూడా కాస్త సన్నగా వినిపిస్తాయి. 140కి పడిపోయిందంటే మాత్రం కోత పడినట్టే. పాటల పుస్తకం పక్కన పెట్టుకుని ఏ పాట ఎగిరిపోయిందో సరిచూసుకోండి, ఇంకో కాపీ కోసం వెతకండి.