జర్మనీలో కత్తిసాము: స్పారింగ్ దాకా నా అనుభవం

నిన్ననే నాకు స్పారింగ్‌కి, అంటే జతగాడితో నిజంగా తలపడే సాధనకి, అనుమతి ఇచ్చారు. మోచేయి ఇంకా కమిలే ఉంది. ఆ నొప్పి తగ్గకముందే రాసేస్తున్నా.

ఎంఎస్‌కి ఇక్కడికొచ్చాక పాత యూరప్ కత్తిసాము గురించి రూమ్మేట్ చెప్పాడు. హేమా అంటారు. క్లబ్‌లో చేరడం తేలికే: ఒక ఈమెయిల్, ఒక ట్రయల్ క్లాసు, ఫారం మీద సంతకం. మాస్కు, ఫెదర్ అనే పదును లేని కత్తి క్లబ్‌వాళ్లే ఇస్తారు. కత్తి బరువు కిలోన్నరకి అటూ ఇటూ, అంతే.

మావాళ్లు నేర్పేది 14వ శతాబ్దపు గురువు యోహానెస్ లీష్టెనావర్ పద్ధతి. విద్య అందరి చేతా పడకూడదని ఆయన పద్యాలు గూఢంగా అల్లాడు. తర్వాతివాళ్లు రాసిన వ్యాఖ్యానాలు పట్టుకుని ఇప్పటి క్లబ్బులు ఒక్కో దెబ్బా మళ్లీ కూర్చుకుంటున్నాయి. ఓక్స్, ఫ్లూగ్, ఆల్బర్, ఫోమ్ టాగ్ అనే నాలుగు గార్డులూ, అంటే కత్తి పట్టి నిలబడే భంగిమలు, త్వరగానే వచ్చేశాయి.

నన్ను ఏడిపించింది బైండ్. త్సోర్న్‌హావ్ అంటే భుజం మీంచి ఏటవాలుగా దిగే దెబ్బ. ఇద్దరూ అదే కొడితే కత్తులు మధ్యలో ఆనుకుంటాయి, అదే బైండ్. అవతలి కత్తి మెత్తగా తగిలితే అక్కణ్ణుంచే మొహానికి పొడవాలి. గట్టిగా నొక్కుతుంటే మన కత్తి పైకి తీసి రెండో వైపు కొట్టాలి. వినడానికి ఇంతే.

నాకు జతగా రిటైరైన ఒక టీచరమ్మ పడింది. నేను బలమంతా పెట్టి నొక్కడం, ఆవిడ తాపీగా కత్తి తీసి నా మాస్కు మీద టక్కున కొట్టడం. మళ్లీ నొక్కడం, మళ్లీ టక్కు. పక్కన కుర్రాళ్లు తమ ఆట ఆపి మరీ చూశారు! చిన్నప్పుడు మా ఊళ్లో కర్రసాములో దసరా బహుమతి కొట్టినవాణ్ణి నేను. ఆ వేగం ఇక్కడ ఎందుకూ పనికి రాలేదు. చివరికి ఆవిడే మాస్కులోపల కళ్లు మూసుకోమంది. మెల్లగా నొక్కింది, వదిలింది. ఆ తేడా అరచేతికి తెలిసింది. యూట్యూబ్ చూసి గదిలో కర్ర తిప్పేవాళ్లకి ఇది జన్మలో తెలియదు.

కొనేవాళ్లకి ఒక మాట. కత్తి తర్వాత, ముందు గ్లోవ్స్. నేను ఆర్డర్ పెట్టిన షాపువాడు "వచ్చే వారం" అంటూ సెమిస్టర్ గడిపేశాడు, తీరా పంపింది వేరే సైజు. డబ్బు కట్టాక ఫోన్ ఎత్తితే ఒట్టు. క్లబ్‌లో ఎవరివైనా తొడిగి చూశాకే కొనండి. మాస్కు 1600 న్యూటన్‌ది (పోటు ఎంత బలంగా తగిలినా చిరగకుండా ఆపుతుందో చెప్పే కొలత), తల వెనక తొడుగుతో సహా తీసుకోండి. జాకెట్ మా క్లబ్‌లో 350 న్యూటన్‌ది అయినా ఒప్పుకుంటారు గానీ కొన్ని టోర్నమెంట్లు 800 అడుగుతాయి, ముందే కనుక్కోండి.