నాలుగు గంటలు, మూడు వాక్యాలు

నిన్న మా యూనివర్సిటీ లైబ్రరీలో ఎడిటథాన్‌కి, అంటే అందరూ ఒకచోట కూర్చుని వికీపీడియా వ్యాసాలు దిద్దే కార్యక్రమానికి వెళ్లాను. గోతిక్ సాహిత్యం మీద ఇంగ్లిష్ వికీపీడియా వ్యాసాలు బాగుచేయాలి. పాడుబడ్డ కోటలు, దయ్యాలు కదా, సరదాగా గడిచిపోతుందనుకున్నా. తీరా చూస్తే పనంతా మూలాల వేటే.

నా వంతుకి వచ్చింది ఎలిజా పార్సన్స్. భర్త పోయాక నవలలు రాసి సంసారం ఈదిన ఎనిమిదిమంది పిల్లల తల్లి. 1793లో 'ది క్యాసిల్ ఆఫ్ వుల్ఫెన్‌బాక్' రాసింది. జేన్ ఆస్టెన్ నవల 'నార్తాంగర్ అబ్బే'లో ఇసబెల్లా అనే పాత్ర ఏడు భయంకర నవలల పేర్లు ఏకరువు పెడుతుంది కదా, అందులో రెండు ఈవిడవే. అసలా ఏడూ ఆస్టెన్ కల్పించిన పేర్లేనని చాలాకాలం అనుకున్నారట! రాసిన మనిషి సరే, పుస్తకమే లేదనుకోవడం... దయ్యం కథకన్నా ఇదే నాకు ఎక్కువ వణుకు పుట్టించింది.

మొదట 'గొప్ప రచయిత్రి' అని రాశా. పక్కనున్న సీనియర్ నవ్వి, "గొప్ప అని ఎవరన్నారు? మూలం ఏది?" అంది. తీసేశా. కొంచెం ఉక్రోషం వచ్చింది, అబద్ధమెందుకు. నాలుగు గంటలు కూర్చుంటే చివరికి మిగిలింది మూడు వాక్యాలు, రెండు మూలాలు.

రాత్రి పడుకునే ముందు మళ్లీ ఓపెన్ చేసి చూశా. ఉన్నాయి. ఇంకా ఎవరూ తీసెయ్యలేదు.