చెప్పిన మాట వినని ఓడ: అవెరోఫ్

గ్రీకువాళ్ళ ఆర్మర్డ్ క్రూజర్, అంటే పక్కలకు ఉక్కు కవచం తొడిగిన యుద్ధనౌక, గ్యోర్గియోస్ అవెరోఫ్ పుట్టేసరికే పాతబడిపోయింది. నౌకాదళంలో చేరింది 1911 మేలో. అంతకు మూడేళ్ళ ముందే బ్రిటన్ ఇన్విన్సిబుల్ అనే బ్యాటిల్ క్రూజర్‌ను దింపింది. పన్నెండంగుళాల ఫిరంగులు, టర్బైన్లు, పాతిక నాట్ల వేగం. ఆ దెబ్బతో ఆర్మర్డ్ క్రూజర్లన్నిటికీ కాలం చెల్లింది. 1914 సెప్టెంబరు 22న ఒకే ఒక్క జర్మన్ జలాంతర్గామి గంటన్నర లోపు మూడు బ్రిటిష్ ఆర్మర్డ్ క్రూజర్లను ముంచేసింది. అవెరోఫ్ నమూనాలోనే ఇటలీ కట్టుకున్న అమాల్ఫి 1915 జులైలో టార్పెడో తగిలి ఏడ్రియాటిక్‌లో మునిగింది. అదే నమూనాలోని మరో ఇటలీ ఓడ పీసా తుక్కు కిందికి పోయింది. అవెరోఫ్ మాత్రం ఇవాళ్టికీ ఏథెన్సు పక్కన ఫాలిరోలో నీళ్ళ మీదే ఉంది. ప్రపంచం మొత్తంలో ఆ జాతి ఓడ మిగిలింది అదొక్కటే.

నేను సరుకు ఓడల్లో ఇంజినీరుగా చేసి రిటైరైన విశాఖవాణ్ణి. మా ఓడ ఏథెన్సు రేవు పిరయస్‌లో ఆగి, నాకు షోర్ లీవు (ఒడ్డుకు దిగే సెలవు) దొరికితే అటే పోయేవాణ్ణి. జనం ఫిరంగుల పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. నా చూపు మాత్రం పొగగొట్టాల మీదికీ, వాటి కిందుండే బాయిలర్ల మీదికీ పోతుంది. దీన్ని కట్టింది లివోర్నోలోని ఒర్లాండో యార్డు. ఇటలీ ప్రభుత్వం డబ్బు చాలక వద్దనుకుంటే గ్రీసు కొనుక్కుంది. సుమారు పది లక్షల పౌన్ల ఖరీదులో మూడో వంతు దాకా అలెగ్జాండ్రియాలో వ్యాపారం చేసి 1899లో పోయిన అవెరోఫ్ అనే ఆసామి వీలునామా సొమ్మే. అందుకే ఆయన పేరు పెట్టారు. ఇంజిన్లు ఇటలీవి, 22 బెల్‌విల్ బాయిలర్లు ఫ్రాన్సువి, ఫిరంగులు ఇంగ్లండువి, జనరేటర్లు జర్మనీవి. నాలుగు దేశాల సామాను ఒకే ఓడలో పెడితే స్పేర్ పార్టుల కోసం ఎన్ని తిప్పలో స్టోరు రిజిస్టరు రాసినవాణ్ణి అడగండి!

మొదటి ప్రయాణం ఐదో జార్జి పట్టాభిషేకానికి ఇంగ్లండు. అక్కడ నేల తగిలి, నీళ్ళు తోడేసి ఓడ అడుగు బాగుచేసే డ్రై డాక్‌కు ఎక్కింది. రిపేర్లయ్యేదాకా నావికులు ఖాళీ. భోజనంలో నీలి చారల చీజ్ వడ్డిస్తే బూజు పట్టిందనుకుని తిరగబడ్డారని చెప్పుకుంటారు. చివరికి కెప్టెన్‌ను మార్చి పావ్లోస్ కుందురియోటిస్‌ను పంపారు.

ఓడకు పేరొచ్చింది ఈయన వల్లే. 1912లో టర్కీతో బాల్కన్ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన అడ్మిరల్. డిసెంబరు 16న టర్కీ యుద్ధనౌకలు డార్డనెల్స్ జలసంధి దాటి బయటికొచ్చాయి. వాటి ముందున్న బార్బరోస్ హైరెద్దీన్‌కు 280 మిల్లీమీటర్ల ఫిరంగులు. అవెరోఫ్‌లో అన్నిటికన్నా పెద్దవి 234 మాత్రమే. పక్కనున్న మూడు పాత గ్రీకు ఓడలేమో పరుగెత్తలేవు. కుందురియోటిస్ జెడ్ జెండా ఎగరేశాడు. నా దారి నాదని దానర్థం. 20 నాట్ల మీద ఒంటరిగా ముందుకు దూకి, శత్రువుల వరసకు అడ్డంగా పోతూ ముందున్న ఓడనే కొట్టాడు. వాళ్ళు చెల్లాచెదురై జలసంధిలోకి వెనక్కి తిరిగారు. ఇదే ఎల్లి యుద్ధం. పుస్తకాలన్నీ ఫిరంగులను పొగుడుతాయి గానీ, నా లెక్కలో ఆ రోజు గెలిచింది కింద బొగ్గు వేసిన ఫైర్‌మన్లు. వేగం లేకపోతే ఆ ఎత్తుగడే లేదు కదా.

మరుసటి నెల టర్కీ క్రూజర్ హమీదియే తప్పించుకుని ఈజియన్‌లోకొచ్చి సిరోస్ రేవు మీద గుళ్ళు కురిపించింది. అవెరోఫ్‌ను అటు లాగాలని వాళ్ళ ఎత్తు. వెంటపడమని ఏథెన్సు నుంచి ఆదేశం వచ్చినా కుందురియోటిస్ కదల్లేదు. 1913 జనవరి 18న లెమ్నోస్ దగ్గర టర్కీ నౌకలు ధీమాగా వచ్చేసరికి అవెరోఫ్ ఎదురుగానే ఉంది. మళ్ళీ చావు దెబ్బలు తిని వెళ్ళాయి.

ఈ మాట వినకపోవడం అన్నిసార్లూ మంచికే జరిగిందని కాదు. 1935లో తిరుగుబాటుదారులు ఇదే ఓడను పట్టుకుపోయారు, కొద్ది రోజుల్లో అదంతా నీరుగారిపోయింది.

1941 ఏప్రిల్‌లో జర్మన్లు దిగివస్తుంటే, వాళ్ళ చేతికి చిక్కకుండా ఓడను ముంచెయ్యమన్నారు. నావికులు ఒప్పుకోలేదు. రేవుకున్న అడ్డుకట్టను గొడ్డళ్ళతో నరికి బయటపడ్డారు. అప్పటికే కదిలిపోతున్న ఓడను కెప్టెన్ తాళ్ళ నిచ్చెన పట్టుకుని ఎక్కాడట. క్రీటు మీదుగా అలెగ్జాండ్రియా చేరారు. ఆ ఆగస్టు చివర్నుంచి 1942 ఆఖరు దాకా దాని మకాం మన బొంబాయి! హిందూ మహాసముద్రంలో సరుకు ఓడల బారులకు కాపలా. ముప్పయ్యేళ్ళ ఓడ, బొగ్గు బాయిలర్లు, మన ఎండ. డీజిల్ ఇంజిన్ రూములోనే మే నెలలో మాకు ఊపిరాడేది కాదు. పార పట్టుకుని పొయ్యి నోటి ముందు నిలబడ్డ ఆ గ్రీకు కుర్రాళ్ళకు ఎలా ఉండేదో నాకు బాగానే తెలుసు. ఆ పదహారు నెలలను యుద్ధ చరిత్రలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. ఎల్లి యుద్ధానికి మాత్రం పేజీలకు పేజీలు.

1944 అక్టోబరులో ప్రవాసంలోని గ్రీకు ప్రభుత్వాన్ని సొంతూరికి తెచ్చిందీ ఇదే. అప్పటి కెప్టెన్ ఆ కుందురియోటిస్ కొడుకు థియోడోరోస్. 1952లో సర్వీసు ముగిసింది. ఏళ్ళ తరబడి పోరోస్ దీవిలో కట్టేసి ఉంచి, 1980లలో మ్యూజియం చేశారు. 2017లో స్కరమంగా యార్డులో డ్రై డాక్ చేయించి, అదే ఏడాది టగ్గులతో థెస్సలొనికీ దాకా తీసుకెళ్ళారు.

ఏథెన్సు నుంచి ట్రాములో వెళ్ళొచ్చు. పై డెక్కు మీదే తిరిగి వచ్చేయకండి, కిందికి ఎంతవరకు వెళ్ళనిస్తే అంతవరకు దిగండి. గుమ్మాలు పొట్టివి, తల జాగ్రత్త.