మందుచీటీ మీద మూడో చెయ్యి

టెక్సాస్‌లో కీళ్లవాతానికి వైద్యం చేయడం మొదలుపెట్టి పన్నెండేళ్లయింది. గుంటూరులో చదువుకునే రోజుల్లో, మందు రాసే ముందు రోగికి దాన్ని కొనే స్తోమత ఉందో లేదో కనుక్కోమని మా ప్రొఫెసర్లు చెప్పేవారు. ఇక్కడ ఆ ప్రశ్నకు జవాబు చాలాసార్లు బీమా సంస్థ దగ్గరే ఉంటుంది.

నా దగ్గరికి వచ్చే ఒక తెలుగావిడకు, కీళ్లవాతానికి మొదట వాడే చవక మందు మెథోట్రెక్సేట్ పడలేదు. కాలేయ పరీక్షల్లో తేడా కనిపించడంతో దాన్ని ఆపి అడాలిముమాబ్ అనే ఖరీదైన ఇంజెక్షన్ మొదలుపెట్టాను. వేళ్ల వాపు తగ్గి, కూతురికి మళ్లీ జడ వేయగలిగారు. ఇంతలో జనవరిలో ఆమె భర్త పనిచేసే కంపెనీ బీమా సంస్థను మార్చింది. కొత్త సంస్థ, ఆ ఇంజెక్షన్‌కు డబ్బు చెల్లించాలంటే తీసుకోవాల్సిన ముందస్తు అనుమతి నిరాకరించి, మెథోట్రెక్సేట్‌తో మళ్లీ మొదలుపెట్టమంది. చవక మందు పనిచేయకపోతేనే ఖరీదైన మందుకు వెళ్లాలన్న ఈ పద్ధతిని స్టెప్ థెరపీ అంటారు. కొత్త రోగి విషయంలో ఆ క్రమాన్ని నేనూ పాటిస్తాను. కానీ ఒకసారి హాని చేసిన మందును మళ్లీ వాడి చూడమనడం వైద్యం కాదు.

"ఆ మందు నాకు పడదని మీకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికి తెలియాలి డాక్టరుగారూ?" అని ఆమె అడిగారు.

సంస్థ తరఫు వైద్యుడితో ఫోన్లో వాదించాను. ఆయన కీళ్ల వైద్యుడు కారు. అనుమతి రావడానికి అయిదు వారాలు పట్టింది. ఈలోగా మణికట్లు మళ్లీ వాచాయి.

పోరాడితే ఫలితం ఉండదని కాదు. 2023లో, ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వ బీమాను ప్రైవేటు సంస్థల ద్వారా అందించే మెడికేర్ అడ్వాంటేజ్ పథకాలు దాదాపు 32 లక్షల అభ్యర్థనలను పూర్తిగానో కొంతమేరకో తిరస్కరించగా, 12 శాతం కంటే తక్కువ వాటి మీదే అప్పీలు వెళ్లింది. వెళ్లిన వాటిలో 80 శాతానికి పైగా నిర్ణయం మారింది. మిగిలినవారు సర్దుకుపోయారో, సొంత డబ్బు పెట్టుకున్నారో, మందే మానేశారో!

టెక్సాస్‌కే చెందిన హువాన్ డవిలాకు వైద్యుడు రాసిన నొప్పి మందుకు ఏట్నా అనే బీమా సంస్థ డబ్బు చెల్లించనంది. బదులుగా వాడిన నాప్రోక్సెన్ వికటించి ఆయన ఆసుపత్రి పాలయ్యాడు. ఆయన దావా వేస్తే, ఉద్యోగుల పథకాలకు వర్తించే 1974 నాటి ఎరిసా అనే కేంద్ర చట్టం ఉండగా రాష్ట్ర చట్టం కింద నష్టపరిహారం కోరడం కుదరదని 2004లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. 90 శాతం అనుమతులు పొందిన వైద్యులను ముందస్తు అనుమతి నుంచి మినహాయిస్తూ టెక్సాస్ 2021లో చేసిన మంచి చట్టం కూడా, కంపెనీలు సొంత నిధితో నడిపే పథకాలకు వర్తించదు. నా దగ్గరికొచ్చే ఆ తెలుగావిడది అలాంటి పథకమే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది నాలో వచ్చిన మార్పు. ఈమధ్య ఒక కొత్త రోగి చేతులు పట్టి చూడకముందే, ఆమె బీమాకు ఏ మందులు ఆమోదమో కంప్యూటరులో వెతుకుతూ కనిపించాను నాకు నేనే.

ఆ తెలుగావిడ భర్తకు వేరే కంపెనీలో మంచి ఉద్యోగం వచ్చిందట. బీమా మళ్లీ మారుతుందన్న భయంతో వద్దనుకున్నారని, కిందటిసారి వచ్చినప్పుడు ఆమె చెప్పారు.