గ్యాస్

చేతులు సన్నబడుతున్నా అమ్మకి లంగా బొందు మాత్రం చాలడం లేదు. అప్పుడైనా నాకు వెలగలేదు. తెనాలిలో మేం చూపించుకునే డాక్టరు గ్యాస్ అన్నాడు. రెండు నెలలు ఆ బిళ్లలే మింగింది. చివరికి స్కాన్ తీయిస్తే పొట్టలో నీరు. అండాశయం క్యాన్సర్, మూడో స్టేజి. పేగుల్ని కప్పి ఉండే పెరిటోనియం పొర మీద ఆవాలు చల్లినట్టు గడ్డలు.

మూడు కీమోలయ్యాక హైదరాబాద్‌లో సర్జన్ ఆపరేషన్‌తో పాటు హైపెక్, అంటే పొట్టలో వేడి కీమో మందు తిప్పడం, చేద్దామన్నారు. చుట్టాల ఫోన్లు మొదలు. "కడుపులో మరిగే మందు పోస్తారటగా?" మరిగేది కాదు పిన్నీ, 42 డిగ్రీలు. జ్వరం చూసే పాత థర్మామీటర్‌లో చివరి గీత.

సర్జన్ కాగితం మీద పొట్ట గీసి 13 భాగాలు చేశారు. గడ్డల్ని బట్టి ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 39. స్కాన్ ప్రకారం అమ్మకి 11. తక్కువ వస్తేనే మంచిదైన పరీక్ష ఇదొక్కటే చూశాను.

"అంతేగా, అంట్లు తోమి వేన్నీళ్లతో తొలవడం" అంది అమ్మ.

"తోమడమే అసలు పనమ్మా" అన్నారాయన. మందు రెండు మూడు మిల్లీమీటర్లకు మించి లోపలికి దిగదట. కంటికి కనిపించే గడ్డలన్నీ తీసేస్తేనే వేడి మందుకి అర్థం.

నెదర్లాండ్స్ వాళ్లు ఇలాంటి 245 మంది ఆడవాళ్ల మీద చేసి 2018లో ప్రచురించిన ట్రయల్ చదివాను. సగం మంది బతికిన కాలం ఆపరేషన్ ఒక్కటే అయితే 33.9 నెలలు, హైపెక్ కూడా చేస్తే 45.7. అమ్మకి ఆ లెక్క చెప్పలేదు. పెద్దపేగు క్యాన్సర్‌కి ఫ్రాన్స్‌లో ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందుతో హైపెక్ చేసి చూస్తే ఆయుష్షు పెరగలేదు. అందుకే "చేయిస్తే తగ్గిపోతుందా?" అని ఎవరడిగినా అవునని అనను.

పొద్దున ఏడున్నరకి లోపలికి తీసుకెళ్లారు. గర్భసంచి, అండాశయాలు, పేగుల ముందు వేలాడే కొవ్వు తెర, ఛాతీకీ పొట్టకీ మధ్య గోడలా ఉండే డయాఫ్రమ్‌కి కుడివైపు కింది పొర తీసేశారు. ఆ తర్వాత గొట్టాల్లోంచి సిస్‌ప్లాటిన్ అనే వేడి కీమో మందు 90 నిమిషాలు తిరిగింది. బయటికి తెచ్చేసరికి చీకటి పడింది.

ఐసీయూ నుంచి వార్డుకొచ్చాక రోజూ పొద్దున్నే సర్జన్ అడిగేది ఒకటే. "గ్యాస్ పోయిందా?" పేగులు కదిలితేనే నోటికి ఏమైనా ఇస్తారు. రెండు నెలలు గ్యాస్ పోవడానికి బిళ్లలు మింగిన మనిషి, ఇప్పుడది రావడం లేదని ఏడ్చింది.

ఆరో రోజు తెల్లవారుజామున నాలుగింటికి నా భుజం తట్టింది.

"ఏమే, లే. వచ్చింది. ఆ డాక్టరు గారికి ఇప్పుడే చెప్తావా, తెల్లారాక చెప్తావా?"