ఇంగ్లీషు ఎక్కం

ఈ రోజు చెప్పుకోదగ్గ పనేమీ జరగలేదు. ఉదయం ఎవరో ఫోను నంబరు అడిగితే, అంతవరకూ తెలుగులో మాట్లాడుతున్న నేను అంకెలన్నీ ఇంగ్లీషులో అప్పజెప్పాను. ఎప్పుడూ చేసే పనే అయినా, 1901లో వచ్చిన ఆంగ్ల రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ నవల 'కిమ్'ను రెండు రోజులుగా మళ్ళీ చదువుతున్నందువల్ల కాబోలు, ఈసారి నా మాట నాకే వింతగా వినిపించింది.

లాహోరు వీధుల్లో పెరిగిన ఐరిష్ సైనికుడి కొడుకు కిమ్. బ్రిటిష్ ప్రభుత్వం ఇప్పించే గూఢచారి శిక్షణలో భాగంగా సిమ్లాలో శిక్షకుడు లర్గన్ సాహెబు అతని మెడ వెనుక చేయి వేసి, నేల మీద ముక్కలై పడి ఉన్న మట్టికూజా మళ్ళీ అతుక్కుంటోందని నమ్మించబోతాడు. అప్పటిదాకా హిందీలో ఆలోచిస్తున్న కిమ్, మనసు మునిగిపోతున్న క్షణంలో ఇంగ్లీషు ఎక్కాన్ని పట్టుకుని ఒడ్డున పడతాడు. కన్న తండ్రి తాగుడుకూ నల్లమందుకూ బలైపోయాడు కనుక, అతను ఇవ్వలేని తండ్రి శాసనాన్ని, అంటే హద్దు గీసే అధికారాన్ని, బడి ఎక్కం రూపంలో ఇచ్చిందని మనోవిశ్లేషణ పద్ధతిలో చెప్పుకోవచ్చు. అయితే పెంచిన భాషను భ్రమ వైపు, బడి భాషను వివేకం వైపు నిలబెట్టినందుకు రచయిత మీద నాకు చిరాకు ఇంకా పోలేదు.

తాను వీళ్ళ బిడ్డను కాననీ, తన అసలు తల్లిదండ్రులు ఎక్కడో గొప్పవాళ్ళనీ పిల్లలు కలగంటారని మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1909లో రాశాడు. మామూలు పిల్లవాడు ఎదిగే క్రమంలో ఆ కల చెదిరిపోతుంది. కిమ్ విషయంలో మాత్రం మెడలోని తాయెత్తు విప్పగానే బయటపడిన కాగితాలు అతను సాహెబేనని, అంటే తెల్లవాడేనని, రుజువు చేస్తాయి. కలను వదులుకోవలసిన వయసులో సామ్రాజ్యం దానికి రాజముద్ర వేసి ఇచ్చింది గనుక, అతను ఎదిగాడనడానికి నాకు మనసొప్పడం లేదు.

పైగా కిమ్ శిష్యుడై వెంట తిరిగే టిబెట్ లామా, గుర్రాల వ్యాపారి మహబూబ్ అలీ, గూఢచారుల పై అధికారి కర్నల్ క్రైటన్ అంటూ ఎందరు తండ్రులో! ఇంతమంది తండ్రులను కల్పించిన కిప్లింగ్‌ను ఆరేళ్ళయినా నిండకుండానే, 1871లో, తల్లిదండ్రులు ఇంగ్లండులో పరాయి ఇంట విడిచి వచ్చారు. అతని కన్నతండ్రి లాహోరు మ్యూజియం క్యూరేటర్. నవల మొదట్లో లామాకు తన కళ్ళజోడు తీసి ఇచ్చే దయామయుడూ ఆ మ్యూజియం క్యూరేటరే. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

తల్లి స్థానం మాత్రం ఖాళీగానే ఉంది. చివర్లో, తానెవరో తేల్చుకోలేక ఏడ్చిన కిమ్ మర్రిచెట్టు కింద ఒట్టి నేల మీద పడి నిద్రపోతే, తల్లి చేయవలసిన పని ఆ మట్టి చేసింది.

రాత్రి దీపం ఆర్పాక ఏడో ఎక్కం తెలుగులో చెప్పుకోబోయాను. ఏడు ఆర్లు నలభై రెండు దాకా బాగానే నడిచింది. ఆ తరువాతి అంకె ఇంగ్లీషులో వచ్చింది.