రంజకం అంటుకోని రోజు: చెకుముకి తుపాకీతో నా అనుభవం

చెకుముకి రాయి ఉక్కు పలకకి తగిలింది. నిప్పురవ్వలు రాలడం కళ్ళారా చూశాను. తుపాకీ మాత్రం పేలలేదు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి, కదలకుండా మనసులో అరవై దాకా లెక్కపెట్టాను. లోపల మందు ఎక్కడో నిదానంగా రాజుకుని ఆలస్యంగా పేలొచ్చు, అందుకే ఆ నిమిషం ఆగి తీరాలి. మళ్ళీ రంజకం, అంటే రాయి పక్కనున్న చిన్న గిన్నెలో పోసే, రవ్వ తగిలి ముందుగా అంటుకోవాల్సిన మందు, పోశాను, మళ్ళీ మీట నొక్కాను. అలా ఆరుసార్లు. ఆరుసార్లూ రవ్వలు రాలాయి, ఒక్కసారీ మందు అంటుకోలేదు.

ఇది జరిగింది పెన్సిల్వేనియాలో, మా ఇంటికి నలభై నిమిషాల దూరంలో ఉన్న ఒక రేంజ్‌లో. ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి పదేళ్ళు దాటింది. మా అమ్మమ్మ వాళ్ళది రంపచోడవరం దగ్గర ఊరు. చిన్నప్పుడు కొండ దిగి సంతకి వచ్చేవాళ్ళ భుజాల మీద నాటు తుపాకీలు చూసేవాణ్ణి. గొట్టం మూతిలోంచి ముందు మందు, దాని మీద గుండు వేసి దట్టించే తుపాకీలవి. మనం రోజూ అనే ‘మందుగుండు’ అనే మాటలోనే ఆ వరస ఉంది. ఇక్కడి లాంకాస్టర్ ప్రాంతంలో జర్మన్ వలసదారులు పద్దెనిమిదో శతాబ్దంలో చేసిన పొడవాటి రైఫిళ్ళు మ్యూజియంలో చూసినప్పుడు ఆ సంత గుర్తొచ్చి, అక్కడే ఆగిపోయాను.

పేర్ల గురించి ఒక మాట. ఈ పాత తుపాకీల మందుకి ఇంగ్లీషులో ఉన్న ‘బ్లాక్ పౌడర్’ అనే పేరుని ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే ‘నల్లమందు’ అవుతుంది. మనకి ఆ మాటకి అర్థం వేరే. అందుకే గంధకం, బొగ్గు, సురేకారం కలిసిన పాతదాన్ని ‘అసలు మందు’ అంటాను. దాని స్థానంలో వాడే పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ లాంటివి ‘బదులు మందు’.

మొదట కొన్నది చెకుముకి తుపాకీ కాదు, క్యాప్ (సుత్తి దెబ్బకి పేలి నిప్పు చిమ్మే చిన్న లోహపు టోపీ) పెట్టి పేల్చే, అర అంగుళం గొట్టం ఉన్న .50 రైఫిల్. అందులో పైరోడెక్స్ వాడాను. ఏ ఇబ్బందీ రాలేదు. నేర్చుకోవాల్సిన ముఖ్యమైన విషయం కొలత. బదులు మందుని త్రాసులో తూచకూడదు. అసలు మందుకి వాడే ఇత్తడి కొలతతోనే, దాని మీద గీతలు చూసి కొలవాలి. అదే కొలతకి పైరోడెక్స్ బాగా తేలిక. 60 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే మందుకి వాడే చిన్న తూకం) గీత దాకా పోయడం బదులు 60 గ్రెయిన్లు తూచి పోస్తే గొట్టంలోకి పడాల్సిన దానికంటే ఎక్కువ మందు పడుతుంది. ట్రిపుల్ సెవెన్ ఇంకా చురుకైనది. దాన్ని అదే కొలతతో, 15 శాతం తగ్గించి పోసుకోమంటారు. ఈ రెండు లెక్కలూ ఒక అట్ట ముక్క మీద రాసి పెట్టెలో అంటించుకున్నాను. మామూలు తూటాల్లో వాడే పొగరాని మందు చిటికెడు కూడా వీటి దగ్గరికి రానివ్వకూడదు. గొట్టం చీలిపోతుంది.

ఒకసారి శుభ్రం చేయడం రెండు రోజులు వాయిదా వేశాను. తర్వాత తెల్ల గుడ్డ పీలిక గొట్టంలోకి పంపితే ఇటుక రంగులో బయటికొచ్చింది. పైరోడెక్స్ కాలాక మిగిలే మసిలో ఉప్పు లాంటి పదార్థం ఉంటుంది. అది గాలిలో తేమ పీల్చుకుని ఇనుముని తినేస్తుంది. అప్పటి నుంచి కాల్చిన సాయంత్రమే వేడి నీళ్ళు, సబ్బు, పీలిక తెల్లగా వచ్చేదాకా తుడవడం, ఆరాక నూనె. మొదటిసారి బాత్రూంలో కడిగినప్పుడు, ‘ఏమండీ, కోడిగుడ్డు కుళ్ళిన వాసనొస్తోంది, ఏం చేస్తున్నారు?’ అని మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. అది మందులోని గంధకం వాసన. ఇప్పుడు గ్యారేజీలోనే కడుగుతున్నాను.

ఈ రాష్ట్రంలో 1974 నుంచి క్రిస్మస్ తర్వాత చెకుముకి తుపాకీలకి మాత్రమే ప్రత్యేకంగా జింకల వేట సీజన్ ఉంది. ఆ ఆకర్షణతోనే చెకుముకి తుపాకీ కొన్నాను. ‘మీ దగ్గరున్న పైరోడెక్స్ దీనికీ సరిపోతుంది’ అని అమ్మిన కుర్రాడు నమ్మకంగా చెప్పాడు. నేనూ నమ్మాను. ఆరుసార్లు విఫలమయ్యాక రాయి మొద్దుబారిందనుకుని కొత్త రాయి బిగించాను. రవ్వలు ఇంకా ఎక్కువ రాలాయి. ఫలితం మాత్రం అదే.

పక్క బెంచీ దగ్గరున్న పెద్దాయన లేచి వచ్చి, రంజకం గిన్నెలోకి తొంగిచూసి, ‘ఏం పోశావు?’ అని అడిగారు. చెప్పాను. తన సీసాలోంచి సన్నటి అసలు మందు చిటికెడు గిన్నెలో పోశారు. ఈసారి మీట నొక్కగానే గిన్నెలో భగ్గుమంది. కానీ లోపలి పైరోడెక్స్ అంటుకోలేదు. మళ్ళీ నిమిషం ఆగాం. చివరికి ఆయన దగ్గరున్న కార్బన్ డయాక్సైడ్ పరికరంతో గుండుని బయటికి నెట్టాం.

అప్పుడు ఆయన వివరంగా చెప్పారు. బదులు మందు అంటుకోవాలంటే అసలు మందు కన్నా చాలా ఎక్కువ వేడి కావాలి. క్యాప్ అయితే ఆ వేడిని నేరుగా మందు మీదికి చిమ్ముతుంది. రాయి రాల్చే రవ్వకి అంత శక్తి లేదు. రవ్వ నుంచి రంజకానికి, అక్కడి నుంచి పక్క బెజ్జం గుండా గొట్టంలోకి నిప్పు పాకాలంటే తేలిగ్గా రాజుకునే మందే కావాలి. నిజానికి ఈ తేలిగ్గా రాజుకునే గుణమే ప్రమాదం కాబట్టి బదులు మందు అవసరమైంది. డెలావేర్‌లో బ్రాండీవైన్ వాగు ఒడ్డున, 1802లో మొదలైన డూపాంట్ మందు మిల్లులు ఇప్పుడు హాగ్లీ మ్యూజియంగా ఉన్నాయి. తర్వాతి నెల మా అబ్బాయిని తీసుకెళ్ళాను. మూడు వైపులా బలమైన రాతి గోడలు, వాగు వైపు మాత్రం ఖాళీ. అటువైపూ పైకప్పుకీ పల్చటి చెక్క వాడేవారట, పేలితే ఆ దెబ్బ నీళ్ళ మీదికి పోవాలని. వాడు గోడ మందం చేత్తో కొలుస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. 1970లలో పైరోడెక్స్ తయారుచేసిన డాన్ పావ్లాక్ కూడా 1977లో తన ప్లాంట్‌లో జరిగిన పేలుడులోనే చనిపోయారు. ఆ డబ్బా చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ సంగతి తలుచుకుంటాను.

అసలు మందు దొరకడం కష్టమైంది. ఫెడరల్ చట్టం దాన్ని పేలుడు పదార్థంగా లెక్కిస్తుంది. అమ్మాలంటే లైసెన్సు, నిల్వకి ప్రత్యేక ఏర్పాటు కావాలి కాబట్టి చాలా షాపులు పెట్టుకోవు. పాతకాలపు తుపాకీల కోసం కొనేవాళ్ళకి 50 పౌండ్ల దాకా మినహాయింపు ఉంది. గంటన్నర డ్రైవ్ చేసి రెండు డబ్బాలు తెచ్చుకున్నాను. గొట్టంలోకి 3ఎఫ్, రంజకానికి 4ఎఫ్. ఎఫ్‌లు పెరిగేకొద్దీ గింజ సన్నం.

తర్వాతి శనివారం అదే బెంచీ. 60 గీత దాకా కొలిచి పోశాను. నూనె రాసిన పీలికలో సీసపు గుండు పెట్టి, మందుకి ఆనేదాకా కడ్డీతో దట్టించాను. మధ్యలో ఖాళీ ఉంటే గొట్టానికే ప్రమాదం. గిన్నెలో రంజకం మూడోవంతు పోశాను. మీట నొక్కితే రాయి చప్పుడు, గిన్నెలో మంట, గొట్టం మోత మూడూ ఒక్కటిగా వినిపించాయి. తెల్లటి పొగ కమ్మేసి కాసేపు టార్గెట్ కనపడలేదు. పెద్దాయన పక్కకి వంగి చూసి, ‘కుడివైపు, రెండంగుళాలు కింద’ అన్నారు.

పైరోడెక్స్ డబ్బా పారేయలేదు. క్యాప్ రైఫిల్‌కి అదే వాడుతున్నాను. దాని కొలతకి ఎర్ర టేపు చుట్టాను, అసలు మందు కొలతకి నల్ల టేపు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తయింది. డిసెంబర్ 26కి సెలవు పెట్టాను.